సిఫారసు చీటి నుండి ఆరోగ్యశ్రీ వఱకు

పేదవాని ప్రాణము ఒక చీటిపై ఆధారపడియుండిన కాలము మనలో పెక్కండ్రకు జ్ఞాపకమే. ఖమ్మము మొదలు భద్రాచల మన్యము వఱకు, ఎవనికైన గుండెజబ్బు సంభవించినచో, వాని బంధువులు మొదట శాసనసభ్యుని వాకిట నిలువవలసియుండెను. ఆయన సిఫారసు లేఖ నిచ్చినచో ముఖ్యమంత్రి సహాయనిధినుండి కొంత ధనము లభించెడిది. అట్టి అర్జీలను వ్రాసిపెట్టుట మావంటి బడిపంతుళ్లకు పరిపాటి. వానియందు వేడికోలే గాని హక్కు అను మాట యెచ్చటను లేదు.

ఈ వేడికోళ్లకు లెక్క గలదు. 2004 మే 14 మొదలు 2007 జూన్ 26 వఱకు 55,361 సందర్భములలో ఆ నిధినుండి రమారమి 168 కోట్ల రూపాయలు వ్యయమయ్యెను. ప్రజలు తమ ప్రతినిధులపై తెచ్చిన యీ యొత్తిడియే ఒక పథకమునకు బీజమైనది. 2007 ఏప్రిల్ 1న వై. యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము మహబూబ్‌నగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీని ప్రారంభించెను. తెల్ల రేషను కార్డు గల కుటుంబమునకు ఏటేట లక్షన్నర రూపాయల వఱకును, అవసరమైనచో మఱి యేబదివేల వఱకును అప్పుడు వైద్యము లభించెడిది. బీమా రుసుము ప్రభుత్వమే చెల్లించెడిది. 2008 జూలై నాటికి ఈ పథకము ఖమ్మముతోసహా అన్ని జిల్లాలకును వ్యాపించెను.

ఇందలి విశేషము గ్రహింపదగినది. జర్మనీలో 1883లో బిస్మార్కును, ఇంగ్లాండులో 1911లో లాయిడ్ జార్జియు తెచ్చిన బీమాచట్టములకు కార్మికుని జీతమే పునాది. మన దేశమున 1948లో వెలువడిన కార్మిక రాజ్య బీమా చట్టమును అట్టిదే. తునికాకు సేకరించు కోయ స్త్రీకి జీతపు పట్టీ యెక్కడిది? జీతముతో నిమిత్తము లేక పేదఱికమునే అర్హతగా గొనుట ఆరోగ్యశ్రీ చేసిన మేలు.

అయినను ఒక లోపము కలదు. మలేరియా, క్షయ, కామెర్లు, అతిసారము మొదలగువానిని, వానికి వేఱు కార్యక్రమములు కలవను కారణమున, నాటి పథకమునుండి తొలగించిరి. చర్ల, దుమ్ముగూడెము అడవులలో మనుష్యులను పీడించునవి ఇవియే గదా! ఇట్లేల జరిగెను? శాసనసభ్యుని వాకిటికి చేరగలిగినవారు అడిగినది పెద్ద శస్త్రచికిత్స. మన్యపు జ్వరపీడితుడు అర్జీ వ్రాయించుకొనలేదు. అర్జీకి పట్టు కాలము వాని జ్వరము వానికీయలేదు. అడిగినవారి యవసరమే పథకమునకు రూపమిచ్చెను.

పిమ్మట 2014లో తెలంగాణము ఏర్పడెను. ఆ యేడే చింతూరు, కూనవరము మొదలగు మండలములు పోలవరము నిమిత్తము ఆంధ్రప్రదేశమున కలిసెను; ఒకే అడవి రెండు ప్రభుత్వముల పాలయ్యెను. తెలంగాణమున బీమా పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగినది. వ్యాధుల జాబితాయు పెరుగుచు వచ్చినది. సంతోషమే. కాని పది లక్షల బీమా యున్నను, వాగు పొంగిన రాత్రి రక్తపరీక్ష చేయువాడు, మాత్ర యిచ్చు నర్సు చేరువలో లేనిచో దానివలన ప్రయోజనమేమి?

కావున ప్రతినిధుల నడుగుట మానవలదు. అడుగు తీరు మార్చుకొనవలయును. ఇకమీదట నాయొద్దకు అర్జీకై వచ్చువారితో, ఒక్క రోగి పేరున గాక ఊరంతటి పేరున వ్రాయుదమని చెప్పదలచితిని.