కుడితి గోళెం నుంచి సింకు కింది మర దాకా

"కుడితిలో పడ్డ ఎలుక" అని అమెరికాలో పుట్టిన మన పిల్లలతో అంటే వాళ్ళకి ఎలుక అర్థమవుతుంది, కుడితి అర్థం కాదు. వాళ్ళనేం అంటాం లెండి, మనూళ్ళలోనే గేదెలున్న ఇళ్ళు తగ్గిపోయి సామెత మిగిలింది, గోళెం పోయింది. తెలియని వాళ్ళ కోసం చెప్పాలంటే, బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం - అన్నీ పెరట్లో ఒక గోళెంలోకి పోయేవి. సాయంత్రానికి అందులో ఇంత తవుడు కలిపి గేదె ముందు పెట్టేవాళ్ళు. పొద్దున్నే అది పాలై తిరిగొచ్చేది. వంటింట్లో "చెత్త" అన్న మాటకి పెద్దగా పనే ఉండేది కాదు.

ఇక్కడ మన సింకు కింద గుర్రుమనే గార్బేజ్ డిస్పోజల్ ఆ గోళేనికి అమెరికా వారసురాలని నా అభిప్రాయం. ఊరికే పోలిక కోసం అనడం లేదు. దాని చరిత్ర తిరగేస్తే అందులోనూ పశువులున్నాయి. ఆ కథ చెబుదామనే ఇది రాస్తున్నాను. మధ్యలో కాస్త ప్లంబింగు కూడా తగులుతుంది, ఓపిక పట్టండి.

అమెరికాకీ ఒకప్పుడు కుడితి ఉండేది. తాగేది మాత్రం పందులు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో న్యూయార్కు వీధులు నడవలేనంత రోతగా ఉండేవట. 1895లో జార్జ్ వేరింగ్ అనే ఆయన పారిశుద్ధ్య శాఖ పగ్గాలు పట్టుకుని, 1896 కల్లా ప్రతి ఇంటివాళ్ళూ చెత్తని మూడుగా విడదీయాలని పట్టుబట్టాడు. బూడిద ఒకటి, కాగితాలూ గుడ్డలూ లాంటి పొడి చెత్త ఒకటి, తిండి తుక్కు ఒకటి. ఈ మూడోదాన్నే అప్పట్లో గార్బేజ్ అనేవారు. మన మర పేరులో ఉన్న "గార్బేజ్" ఆ పాత అర్థంలోదే. న్యూయార్కు దాన్ని బారెన్ ఐలాండ్‌కి పడవల మీద పంపి, ఉడికించి, కొవ్వూ ఎరువూ తీయించేది. చిన్న ఊళ్ళకి అంత హంగామా ఎందుకు? పందుల పెంపకందారుడు బండి తోలుకుని వచ్చి ఇంటింటా ఎత్తుకుపోయేవాడు.

ఇక మర పుట్టుక. విస్కాన్సిన్ రాష్ట్రంలో మిషిగన్ సరస్సు ఒడ్డున రసీన్ అనే ఊరుంది. మనకి ఆ ఊరితో తెలియకుండానే చుట్టరికం ఉంది. చిన్నప్పుడు మన చేత బలవంతంగా తాగించిన హార్లిక్స్‌ని ఇద్దరన్నదమ్ములు మొదట తయారు చేసింది అక్కడే. ఆ ఊళ్ళో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు 1927లో, భార్యకి వంటింటి పని తగ్గించాలని, తిండి తుక్కుని సింకులోనే నలగ్గొట్టి నీళ్ళతో పంపేసే యంత్రాన్ని ఇంటి వర్క్‌షాపులో తయారు చేశాడు. 1933లో పేటెంటుకి దరఖాస్తు చేస్తే 1935లో వచ్చింది. 1938లో కంపెనీ పెట్టాడు. ఆ రోజుల్లో పెద్ద భవనాల్లో చెత్త కాల్చే బట్టీలని ఇన్సినరేటర్లు అనేవారు. ఆ మాటలో "సింకు"ని ఇరికించి ఇన్‌సింకరేటర్ అని పేరు పెట్టాడు. మొదటి ఏడాది అమ్ముడైనవి 52. ఈలోగా జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు కూడా 1935లోనే తమ "డిస్పోజాల్"ని బజార్లోకి తెచ్చారు. హామ్స్ కంపెనీని 1968లో ఎమర్సన్ కొంది, 2022లో ఎమర్సన్ దగ్గర్నుంచి వర్ల్‌పూల్ కొంది.

అన్నట్టు, అందులో కత్తులుంటాయని మనవాళ్ళలో చాలామందికి ఒక భయం. మామూలుగా కత్తులుండవు. అడుగున గుండ్రటి పళ్ళెం, దాని మీద అటూ ఇటూ ఊగే రెండు ఇనప ముక్కలు, చుట్టూ గరుకైన కంకణం. పళ్ళెం నిమిషానికి 1,700 పైచిలుకు చుట్లు తిరుగుతుంటే తుక్కు విసురుగా అంచుకి కొట్టుకుని కంకణానికి రాసుకుని పిండవుతుంది. మన తిరగలికి దగ్గర చుట్టమే గానీ మిక్సీకి కాదు. అందుకని చెయ్యి పెట్టమని మాత్రం కాదు సుమా!

సరే, పుట్టింది కదా, ఎందుకు వ్యాపించింది? ఇక్కడే పందులు మళ్ళీ వస్తాయి. ఇండియానాలో జాస్పర్ అనే చిన్న ఊళ్ళో ఇళ్ళలోంచి వచ్చే తుక్కు తిన్న పందులకి జబ్బులు రావడంతో, ఆ ఊరివాళ్ళు ఒక సాహసం చేశారు. 1950లో తిండి తుక్కు కోసం బండి తిరగడమే మానేసి, ఇంటింటా డిస్పోజల్ పెట్టించుకున్నారు. అలా ఊరు ఊరంతా మరకి మారిపోవడం అదే మొదలు. రెండేళ్ళకి దేశానికే దెబ్బ తగిలింది. కాలిఫోర్నియాలో చాన్నాళ్ళుగా ఉన్న ఒక పందుల వైరస్ 1952లో రైలెక్కింది. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగోల మధ్య నడిచే రైలు వంటశాలలోని పచ్చి పంది మాంసం ముక్కలు వయోమింగ్‌లో పందులకి వేశారు. 1953 కల్లా 40కి పైగా రాష్ట్రాలకి ఆ రోగం పాకింది. అప్పుడు రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి, పందులకి వేసే తుక్కుని ఉడకబెట్టి తీరాలని చట్టాలు చేశాయి. 1959కి రోగం పూర్తిగా పోయింది గానీ, ఉడకబెట్టే ఖర్చు భరించలేక పందుల బండి కూడా క్రమంగా పోయింది. వంటింటికీ పశువుకీ ఉన్న సంబంధం అలా తెగింది. ఆ ఖాళీలోకి ఒకవైపు సింకు కింది మర, మరోవైపు ఊరి బయటి చెత్త గుట్ట వచ్చి కూర్చున్నాయి.

అందరూ మరకి హారతి పట్టలేదు. న్యూయార్కు పాత నగరం. చాలా చోట్ల వాన నీళ్ళూ మురుగు నీళ్ళూ ఒకే గొట్టంలో పోతాయి. పెద్ద వానొస్తే గొట్టం పట్టక అంతా కలిసి నదిలోకి పొర్లుతుంది. దానికి తోడు లక్షల ఇళ్ళ తుక్కు కూడానా అని 1970లలో నగరంలో చాలా భాగంలో ఈ మరని నిషేధించారు. తర్వాత ఎంపిక చేసిన కొన్ని భవనాల్లో పెట్టించి, గొట్టాలకేమవుతుందో పరిశీలించి, 1997లో నిషేధం ఎత్తేశారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. న్యూజెర్సీలో మేం కొన్న ఇంటితో పాటు వచ్చిన డిస్పోజల్ ఒక చలికాలం అడుగు నుంచి కారడం మొదలుపెట్టింది. పైన సింకు దగ్గర కారితే పుట్టీ మార్చుకోవచ్చు, పక్క గొట్టం దగ్గర కారితే వాషరు. అడుగున కారితే మాత్రం లోపలి సీలు పోయిందన్నమాట, మార్చడమే మార్గం. చూడ్డానికి వచ్చిన ప్లంబరు మరతో పాటు గొట్టాలూ సింకూ అన్నీ మార్చాలని పెద్ద చిట్టా రాసిచ్చాడు. ఆయనకో నమస్కారం పెట్టి, ఒక శనివారం నేనే కూర్చున్నాను.

మీకూ అవసరం రావచ్చు కాబట్టి వరస చెబుతాను. ముందు బ్రేకరు ఆపాలి, స్విచ్చి వేసి చూసి కరెంటు లేదని నిర్ధారించుకోవాలి. కింద బకెట్టు పెట్టి మురుగు గొట్టం, డిష్‌వాషరు గొట్టం విప్పాలి. మర పైనున్న కంకణాన్ని తిప్పితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. బరువు ఉంటుంది, కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చండి. అదే కంపెనీ మర అయితే చాలాసార్లు పాత బిగింపే సరిపోతుంది. కొత్తదాన్ని తగిలించే ముందు డిష్‌వాషరు గొట్టం పెట్టే రంధ్రంలో ఉండే ప్లాస్టిక్ బిళ్ళని స్క్రూడ్రైవరుతో కొట్టి బయటికి తీసెయ్యాలి. లేకపోతే డిష్‌వాషరు నీళ్ళు దిగవు. నలుపు తీగకి నలుపు, తెలుపుకి తెలుపు, పచ్చది ఎర్తింగుకి. చివర్లో సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదిలి, టార్చి వేసి ప్రతి అతుకూ చూడాలి.

మర పోయిందనుకునే ముందు రెండు పరీక్షలున్నాయి. చప్పుడే లేకపోతే అడుగున ఎర్ర రీసెట్ బటన్ నొక్కండి. మూలుగుతూ తిరగకపోతే వెంటనే స్విచ్చి ఆపి, అడుగున మధ్యలో ఉన్న రంధ్రంలో పావు అంగుళం అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పండి. చాలాసార్లు లోపల దొరికేది ఒక చెంచా!

మన వంటింటికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని. మునక్కాడ పిప్పి, చింతపండు పీచు, అరటి తొక్క, కొబ్బరి పీచు దారాల్లా చుట్టుకుంటాయి. అన్నం గొట్టంలోకి పోయి ఉబ్బుతుంది. నెయ్యీ నూనె చల్లటి గొట్టంలో పేరుకుంటాయి. తిప్పుతున్నంతసేపూ చన్నీళ్ళు వదలండి, ఆపాక కూడా కాసేపు.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు దీన్ని వింతగా చూసి, "ఏరా, ఇదంతా ఇప్పుడు ఎవరు తింటారు?" అంది. నవ్వాను గానీ, అసలు ప్రశ్న అదే. చెత్త బుట్టలో వేస్తే గుట్ట కిందకి పోతుంది. 2018 లెక్కల్లో అమెరికా చెత్త గుట్టల్లోకి చేరినదాంట్లో దాదాపు నాలుగో వంతు తిండే. అది గాలి తగలక కుళ్ళి మీథేన్ అవుతుంది. సింకులో వేస్తే మురుగు శుద్ధి కేంద్రానికి పోతుంది. అక్కడ తినేవి సూక్ష్మజీవులు. కొన్ని కేంద్రాలు దాంట్లోంచి గ్యాసు తీస్తాయి, కొన్ని ఎరువు చేస్తాయి. రసీన్‌కి దగ్గర్లోనే ఉన్న మిల్వాకీ నగరం, హామ్స్ మర చేయడానికి ఏడాది ముందే, 1926 నుంచి మురుగు మడ్డిని మిలోర్గనైట్ అనే ఎరువుగా అమ్ముతోంది. మన లాన్లకి చల్లే సంచుల్లో అదీ ఒకటి. ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్ళకి మాత్రం తినేవాడు ఆ ట్యాంకే. దాని పొట్ట చిన్నది, మరని పొదుపుగా వాడాలి.

ఈలోగా చక్రం తిరిగింది. వెర్మాంట్ 2020లో తిండి తుక్కుని చెత్త బుట్టలో వేయొద్దంది. కాలిఫోర్నియా 2022 నుంచి దాన్ని వేరుగా సేకరించమంది. న్యూయార్కు నగరంలో 2024 అక్టోబరు నుంచి వేరు చేయడం తప్పనిసరి అయింది. వేరింగ్ మహాశయుడు చెప్పిన 128 ఏళ్ళకి!

మీ ఊళ్ళో తుక్కు బండి వస్తుంటే దానికే వెయ్యండి. రాకపోతే, పెరడుంటే ఒక మూల కంపోస్టు గొయ్యి తవ్వుకోండి. అదీ కుదరని వాళ్ళకి మర ఉండనే ఉంది. ఏది చేసినా, మీ సింకు గొట్టం చివర ఏముందో మునిసిపాలిటీకి ఒక్కసారి ఫోను చేసి కనుక్కోండి. మేము కనుక్కున్నాం. మా మురుగు పోయే కేంద్రం గ్యాసు తీస్తుందట. ఆ మాట చెబితే అమ్మ ఫోనులో, "అయితే అక్కడా ఓ గేదె ఉందన్నమాట" అంది.