తలలు లెక్కపెట్టాలా, తూకం వేయాలా?

ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి విగ్రహం చేయించుకోవడానికి ఒక ఊరి పెద్దలు వస్తే దాత ఒకటంటాడు, పూజారి ఇంకొకటంటాడు. ఎత్తెంత, ఖర్చెంత అన్నంతవరకు అందరి మాటా చెల్లుతుంది. రాయి దగ్గరికొచ్చేసరికి శిల్పి దాన్ని తట్టి చెవి ఒగ్గుతాడు. గంటలా ఖంగుమంటే శాస్త్రం దాన్ని పుంశిల అంటుంది. మోత చచ్చిన రాయి నపుంసకశిల, మూలవిరాట్టుకు పనికిరాదు. ఇక పదిమంది బాగుందన్నా అది పక్కకు పోవలసిందే.

మాటను ఇలా తూచడం కొత్తేమీ కాదు. సాక్షులు తలో రకంగా చెబితే ఎక్కువమంది మాట పట్టమంది యాజ్ఞవల్క్య స్మృతి. లెక్క సమానమైతే గుణవంతుల మాట, వాళ్లలోనూ చీలిక వస్తే వాళ్లలోకెల్లా మిన్నల మాట. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. 1785లో ఫ్రాన్సులో గణితవేత్త కోందొర్సే ఎక్కువమంది మాటకు గణితం చేర్చాడు. ఎవరికి వారు ఆలోచించి సగానికి మించి సరిగ్గా చెప్పేవాళ్లయితే, మంది పెరిగేకొద్దీ తీర్పు నిజానికి దగ్గరవుతుంది. సగానికి తగ్గితే మంది పెరిగేకొద్దీ తప్పే ఖాయమవుతుంది. ఓట్లకు బరువు కట్టడానికి 1980లలో వచ్చిన సూత్రం ప్రకారం, పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పేవాడి ఓటు, ఆరుసార్లు చెప్పేవాళ్లు అయిదుగురి ఓట్లకంటే బరువు. అయిదుసార్లే చెప్పేవాడి ఓటుకు బరువే లేదు.

అయితే ఆ తొమ్మిది ఏ విషయంలో? ఈ ప్రశ్నకు నంద్యాల ఖరీదైన జవాబు చెప్పింది.

1863లో సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడపకు కాలువ తవ్వకం మొదలైంది. తవ్వింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. దాని పెట్టుబడికి సర్కారు అయిదు శాతం వడ్డీ పూచీ ఇచ్చింది. ఇంజనీర్లకు వాటం తెలుసు, రాతికట్టు తెలుసు. పడవలు నడిచే కాలువ కట్టి చూపించారు కూడా. నీళ్లు కొనేవాడు దొరుకుతాడా అన్నది మాత్రం వేరే లెక్క. నల్లరేగడి వానతేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. అందులో జొన్న, పత్తి వేసే రైతుకు మామూలు ఏడాదిలో డబ్బిచ్చి నీళ్లు పెట్టడం దండగ అనిపించింది. 1876-78 ధాత కరువులో గానీ కాలువకు గిరాకీ పెరగలేదు. 1882లో సర్కారే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు కేసీ కాలువ అని పిలిచే దాని కింద వరి మాగాణి చూసి ఇంజనీర్లే గెలిచారంటే నేనొప్పుకోను. వాళ్లు లెక్కకట్టింది తమ కాలపు రైతును. ఆ రైతును అడగలేదు.

అడగాల్సినవాళ్లను అడగకపోవడం తర్వాతా జరిగింది. 1952లో ఖోస్లా కమిటీ రాయలసీమకు నీళ్లు తెచ్చే కృష్ణా-పెన్నారు పథకాన్ని పక్కనపెట్టి నందికొండ ఆనకట్ట వైపు మొగ్గింది. అదే నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న దానికి నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఖోస్లా పాండిత్యాన్ని శంకించలేం. ఆనకట్ట ఎక్కడ నిలుస్తుందన్నది ఆయన తేల్చాల్సిన మాటే. నీళ్లు ముందు ఎవరికన్నది కాదు. సీమకు నీటిలో ప్రాధాన్యమని 1937 నవంబర్ 16నే శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా, సీమ పెద్దమనుషులు ఒప్పుకున్నారు. 2016 మే 31న కృష్ణ మీద సిద్ధేశ్వరం అలుగుకు తామే శంకుస్థాపన చేస్తామని రైతులు బయల్దేరింది ఆ బాకీ అడగడానికే.

తూకం కుదిరిన చోటు కూడా నంద్యాలలోనే ఉంది. 1906 నాటి వ్యవసాయ పరిశోధనా స్థానంలో పుట్టిన వంగడం నేరుగా దుకాణానికి పోదు. చిరుసంచుల్లో రైతుల పొలాలకు పోతుంది. దిగుబడి, తెగులు శాస్త్రవేత్త చూసుకుంటాడు. శనగ కోతకు కూలీలు దొరకని కష్టం రైతుది. నిటారుగా పెరిగి యంత్రంతో కోయడానికి వీలయ్యే ఎన్‌బీఈజీ 47 లాంటి రకం చేతికొస్తే అతను ముందు కాయలు లెక్కపెట్టడు. సాలులో గొంతుక్కూచుని, అన్నిటికంటే కింది కాయ నేలకు ఎంత ఎత్తున ఉందో జానపెట్టి చూస్తాడు.