పెట్టెలో ఉన్నది వేరు, పనికి వచ్చేది వేరు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకులు కోరినప్పుడు నాకు ఏ కోటా, ఏ రాజవంశమూ తోచలేదు. మందుల పెట్టె తోచింది. దానికి కారణం మా మనవరాలు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్న ఆ పిల్ల, స్నేహితులతో కలిసి గోవా నుంచి మూడు రోజులు సముద్రం మీద తిరిగి రావడానికి సిద్ధపడింది. వెంట తీసుకువెళ్లే ప్రథమ చికిత్స పెట్టె ఫోటో పంపి, "తాతయ్యా, చూడు, అన్నీ ఉన్నాయి" అంది. "ఉన్నాయి సరే తల్లీ, దాన్ని చివరిసారి తెరిచి చూసిందెవరు?" అని అడిగాను. అవతల నుంచి జవాబు లేదు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగానో తరువాత మనవి చేస్తాను. ముందు ఆ పెట్టె పూర్వోత్తరాలు చూద్దాం.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మన మచిలీపట్నంలో 1611లో కొఠీ పెట్టుకున్న సంగతి అందరికీ తెలిసినదే. అక్కడి నుంచి ఇక్కడికి ఓడలో రావడానికి నెలల తరబడి పట్టేది. దారిలో జబ్బు చేస్తే దిక్కు ఓడ వైద్యుడూ, అతని పెట్టే. కంపెనీకి సర్జన్ జనరల్‌గా ఉన్న జాన్ వుడాల్ 1617లో 'ది సర్జన్స్ మేట్' అనే పుస్తకం ప్రచురించాడు. ఓడ వైద్యుడి పెట్టెలో ఏయే రంపాలు, పట్టుకార్లు, కట్లు, లేపనాలు, కషాయాలు ఉండాలో, ఏది దేనికి వాడాలో అందులో వివరంగా రాశాడు. మన భాషలో చెప్పాలంటే అది స్టాకు రిజిస్టరూ, కార్యవిధానమూ కలిసిన గ్రంథం. స్కర్వీ అనే ఓడ జబ్బుకు నిమ్మరసం మంచిదని కూడా అందులో ఉంది.

స్కర్వీ అంటే చిగుళ్లు వాచి రక్తం కారడం, పాత గాయాలు మళ్లీ తెరుచుకోవడం, నీరసించి ప్రాణం పోవడం. తాజా పండ్లు, కూరలు లేక వచ్చే జబ్బు. వుడాల్ కంటే ముందే, 1601లో కంపెనీ మొదటి యాత్రకు నాయకుడైన జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలోని వారికి రోజూ ఉదయం మూడు చెంచాల నిమ్మరసం పోయించాడు. ఆ ఓడవారు నిలబడ్డారు. వెంట వచ్చిన మూడు ఓడలవారు మాత్రం తెరచాపలు సర్దుకోలేనంతగా నీరసించిపోయారు.

ఇంత తెలిసినా అది పద్ధతిగా అమలు కాలేదు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకాదళ వైద్యుడు సాలిస్‌బరీ అనే యుద్ధనౌక మీద పన్నెండు మంది రోగులను ఇద్దరిద్దరి చొప్పున ఆరు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. ఆ ఫలితాన్ని 1753లో అచ్చు వేయించాడు. బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వాలని ఆదేశించింది 1795లో. మధ్యలో నలభై రెండేళ్లు. ఫైళ్లు ఎలా నడుస్తాయో ఎరిగిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు గాని, ఆ నలభై రెండేళ్లలో పోయిన ప్రాణాలను తలచుకుంటే మాత్రం బాధ కలుగుతుంది.

అంతకంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. నిల్వ ఉంచడానికి వీలుగా రసాన్ని వేడి మీద చిక్కబరచమని లిండ్ స్వయంగా సలహా ఇచ్చాడు. ఆ వేడికి అందులోని సారం పోతుందని ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. తరువాత 1860 ప్రాంతంలో నౌకాదళంవారు మధ్యధరా ప్రాంతపు పెద్ద పసుపు నిమ్మకు బదులు వెస్టిండీస్ చిన్న నిమ్మకు మారారు. అది మనం పచ్చడి పెట్టుకునే కాయ జాతిదే. పేరు నిమ్మరసమే గనుక తేడా ఎవరూ గమనించలేదు. 1875-76లో బ్రిటిష్ ఆర్కిటిక్ యాత్ర నిమ్మరసంతోనే బయలుదేరింది; అయినా స్కర్వీ విరుచుకుపడింది. మంచు మీద నడిచిన దళాలు రసం తీసుకువెళ్లలేదని విచారణ సంఘం తప్పుపట్టింది. రసమే నాసిదన్న సంగతి 1918లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హారియెట్ చిక్ బృందం పరీక్షించినప్పుడు గాని తేలలేదు. పెద్ద నిమ్మతో పోలిస్తే దాని శక్తి సుమారు నాలుగో వంతు మాత్రమేనట! సీసాలో రసం ఉంది, రిజిస్టరులో పద్దు ఉంది, గుణం మాత్రం లేదు.

ఈలోగా చట్టాలు వచ్చాయి. బ్రిటిష్ సరుకు ఓడల్లో మందుల పెట్టె ఉండి తీరాలని 1844లో పార్లమెంటు చట్టం చేసింది. వైద్యుడు లేని ఓడల్లో కెప్టెనే వైద్యం చేసేవాడు. ఆయన కోసం 1868లో 'షిప్ కెప్టెన్స్ మెడికల్ గైడ్' వెలువడింది. సీసాలకు నంబర్లు ఉండే ఆ కాలం గురించి నావికులు ఒక హాస్యం చెప్పుకునేవారు. ఏడో నంబరు మందు అయిపోతే కెప్టెన్ మూడో నంబరు, నాలుగో నంబరు కలిపి పోసేవాడట! ప్రపంచ ఆరోగ్య సంస్థ వగైరా సంస్థలు కలిసి 1967లో ఓడల కోసం అంతర్జాతీయ వైద్య మార్గదర్శిని తెచ్చాయి. 2007లో దాని మూడో కూర్పు వచ్చింది.

ఇక నా సంగతి. 1979లో నేను తూర్పు గోదావరి జిల్లాలో ఒక కార్యాలయంలో ఎల్.డి.సి.ని. ఏటిమొగ దగ్గరి లంకలకు మా సిబ్బంది తెరచాప పడవ మీద వెళ్లి వచ్చేవారు. పడవకు ఎర్ర సిలువ గుర్తు ఉన్న రేకు పెట్టె ఒకటి ఉండేది. దాన్ని నెలనెలా తనిఖీ చేసి రిజిస్టరులో "సరిచూడడమైనది" అని రాయడం నా విధి. మొదటి రెండు నెలలు తెరిచి చూశాను. తరువాత కుర్చీలో కూర్చునే సంతకం పెట్టాను.

ఒకనాడు గాలి హఠాత్తుగా మళ్లి, తెరచాప మోకు జారి, ఒక కళాసీ అరచేతి తోలు ఊడిపోయింది. సరంగు పెట్టె తెరిచాడు. టింక్చర్ అయొడిన్ సీసా ఎండిపోయి అడుగున మరక మిగిలింది. గాజుగుడ్డ బూజు పట్టింది. కత్తెర తుప్పుపట్టి తెరుచుకోలేదు. సరంగు తన తలగుడ్డ చించి కట్టు కట్టాడు. గాలి అనుకూలించక మరునాటికి గాని ఒడ్డు చేరలేదు. ఆ చేయి చీము పట్టింది. చివరకు రెండు వేళ్లు తీసేశారు. అతడు మళ్లీ మోకు పట్టలేదు.

విచారణ జరిగింది. రిజిస్టరు చూశారు. పన్నెండు నెలలూ క్రమం తప్పకుండా సంతకాలున్నాయి. అంతా సక్రమమేనని ఫైలు మూసేశారు. అతనికి ముగ్గురు పిల్లలు. ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లాను. "రండి బాబూ" అని ఎడమ చేత్తో మంచం వాల్చాడు. అసలు సంగతి చెప్పలేక, కాసిని మజ్జిగ తాగి తిరిగి వచ్చాను. ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

పెట్టెతో పాటు తెలివిడి కూడా ఉండాలని చెప్పే ఉదంతం ఒకటి ఉంది. 1998లో ఒంటరిగా ప్రపంచం చుట్టే తెరచాప పడవల పందెంలో విక్తర్ యాజికోవ్ అనే రష్యా నావికుడికి మోచేతికి చీముగడ్డ లేచింది. బోస్టన్‌లోని డాక్టరు డేనియల్ కార్లిన్ ఈ-మెయిల్ ద్వారా చెబుతుండగా తన చేతిని తానే కోసుకున్నాడు. నెత్తురు ఒక పట్టాన ఆగలేదు. అతడు ఆస్పిరిన్ వేసుకుని ఉన్నాడు. అది నెత్తురు గడ్డకట్టనివ్వని మందు. అదృష్టం కొద్దీ బతికి ఒడ్డు చేరాడు. మందు మంచిదే, వేళ మంచిది కాదు.

మనవరాలికి నేను చెప్పిన పద్ధతి మీ పిల్లలకూ పనికివస్తుందని ఇక్కడ పొందుపరుస్తున్నాను. నీళ్లు చొరని పెట్టె కావాలి, తాళం వేయకూడదు, పడవలో ప్రతి ఒక్కరికీ అది ఎక్కడుందో తెలియాలి. పడవ మీద ఎక్కువగా అయ్యేవి మోకు గాయాలు, అడ్డకొయ్య తగిలి తల దెబ్బలు, వంట దగ్గర కాలడం, ఎండదెబ్బ, వాంతులు. కనుక శుభ్రమైన గాజుగుడ్డ, వెడల్పు కట్లు, టేపు, చేతి తొడుగులు, కత్తెర, పట్టుకారు, గాయం కడిగే మందు, కాలిన గాయాల పట్టీలు, పారాసిటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. వికారం మాత్ర బయలుదేరక ముందే వేసుకోవాలి. ఎవరి నిత్య మందులు వారు రెట్టింపు తెచ్చుకోవాలి. ఎవరికి ఏ మందు పడదో రాసి పెట్టాలి. ఏది వాడవచ్చో ముందే డాక్టరును అడగాలి.

మూత లోపల జాబితా అంటించి, ప్రతి వస్తువుకూ ఎదురుగా సంఖ్య, గడువు తేదీ వేయాలి. మూడు నెలలకొకసారి, ప్రయాణానికి ముందొకసారి అన్నీ బయటపెట్టి చూడాలి. ఉప్పుగాలికి టేపు జిగురు పోతుంది, కత్తెర తుప్పుపడుతుంది. కాబట్టి చేత్తో పట్టి చూడాలి. వాడినది ఒడ్డు చేరిన రోజే భర్తీ చేయాలి. సముద్రం మీద ఆపద వస్తే మన కోస్ట్‌గార్డ్ నంబరు 1554. వైర్‌లెస్‌లో పదహారో చానెల్.

మనవరాలు ఆ సాయంత్రమే పెట్టె తెరిచింది. కాలిన గాయాల పట్టీలకు గడువు దాటి ఏడాదయిందట, టేపు అంటుకోవడం లేదట. అన్నీ మార్చి, కొత్త జాబితా అంటించి, మళ్లీ ఫోటో పంపింది. కింద ఆమె సంతకం ఉంది. చూసి పెట్టిన సంతకం.

మిత్రులారా, మనలో పడవ ఎక్కేవారు కొద్దిమందే. కాని బీరువా అరలో మందుల డబ్బా లేని ఇల్లు మనలో ఏదీ లేదు. ఈ సంచిక చదవడం ముగించాక దయచేసి దాన్ని ఒకసారి తెరిచి చూడండి.