పిస్తోలు ఒర ధరించే స్థానం

పిస్తోలును లేదా రివాల్వరును ఒరలో ఉంచి శరీరంపై ఏ భాగాన ధరించాలన్నది పోలీసులకు, సైనికులకు, లైసెన్సు గల పౌరులకు ఎదురయ్యే ప్రశ్న. ఈ ఒరను హోల్‌స్టర్ అని అంటారు. ఆయుధం ధరించినవారికి త్వరగా అందాలి, ఇతరులకు అందకూడదు, పొరపాటున పేలినా ఎవరికీ తగలకూడదు. ఈ మూడింటినీ పూర్తిగా నెరవేర్చే స్థానం ఏదీ లేదు.

చరిత్ర

తొలినాటి పిస్తోళ్ళు బరువైనవి. అశ్వికులు వాటిని గుర్రపు జీనుకు ముందువైపు వేలాడే తోలు ఒరలలో ఉంచేవారు. 1836లో శామ్యూల్ కోల్ట్ అమెరికాలో రివాల్వరుకు పేటెంటు పొందిన తరువాత ఆయుధం క్రమంగా నడుముకు చేరింది. 19వ శతాబ్దపు అమెరికా అశ్వికదళంలో కత్తి ఎడమవైపున ఉండేది కనుక, రివాల్వరును కుడివైపున, పిడి ముందుకు ఉండేటట్లు, మూత గల ఒరలో ధరించేవారు.

ఈ చరిత్రలో భారతదేశానికీ చోటున్నది. బ్రిటిషు భారత సైన్యాధికారి శామ్యూల్ బ్రౌన్ 1858లో తిరుగుబాటుదారులతో జరిగిన పోరులో ఎడమచేతిని కోల్పోయాడు. ఒంటిచేత్తో కత్తి దూయాలంటే ఒర కదలకుండా ఉండాలి. అందుకై నడుము పటకాకు తోడుగా కుడి భుజం మీదుగా పోయే పట్టీని అమర్చుకున్నాడు. అదే శామ్ బ్రౌన్ బెల్టు. పిస్తోలు బరువు మోయడానికీ అది ఉపయోగపడింది.

స్థానాలు

స్థానాలను గడియారపు అంకెలతో చెప్పడం అమెరికాలో వాడుక. బొడ్డు 12, కుడి తుంటి 3, వెన్నెముక 6, ఎడమ తుంటి 9. కింది వివరణ కుడిచేతి వాటం వారికి వర్తిస్తుంది.

3, 4 అంకెల మధ్య స్థానం అన్నిటికంటె ప్రసిద్ధం. చేయి సహజంగా అక్కడికే పోతుంది, మోచేయి ఆయుధాన్ని కాపాడుతుంది. అయితే కారులో సీటు బెల్టు పెట్టుకొని కూర్చున్నపుడు తీయడం కష్టం. నడుము పైభాగం పొట్టిగా, తుంటి వెడల్పుగా ఉన్న స్త్రీలకు పిడి పక్కటెముకలకు గుచ్చుకుంటుంది.

పొట్ట ముందు, 1, 2 అంకెల మధ్య ధరిస్తే ఆయుధం త్వరగా అందుతుంది, రెండు చేతులతోనూ కాపాడుకోవచ్చు. కాని కూర్చున్నపుడు గొట్టం తొడలోని పెద్ద రక్తనాళం వైపు తిరిగి ఉండవచ్చు. ఒరలో తిరిగి పెట్టేటపుడు చొక్కా అంచు ట్రిగ్గరుకు తగులుకుంటే పేలే ప్రమాదం ఉన్నది. తీసేటపుడు తొందర ఉండవచ్చునేమో గాని, తిరిగి పెట్టేటపుడు తొందరపడవలసిన పని లేదు.

వెన్నెముకపై ధరిస్తే దుస్తుల కింద బాగా దాగుతుంది. కాని వెల్లకిలా పడితే వెన్నుకు తీవ్రమైన గాయం కావచ్చు, వెనుకనున్నవాడు సులభంగా లాక్కోగలడు. ఎడమవైపున పిడి ముందుకు ఉండేటట్లు ధరించే పద్ధతి వాహన చోదకులకు అనుకూలం. అయితే పిడి ఎదుటివానికి కూడా అందుతుంది, దూసేటపుడు గొట్టం పక్కవారి మీదుగా తిరుగుతుంది. చంక కింది ఒరకూ ఈ లోపమే ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇరుకైన ట్యాంకులలో కూర్చునే అమెరికా సైనికులు దానిని వాడారు. చీలమండ ఒర సాధారణంగా రెండవ ఆయుధానికే.

భద్రత

యూనిఫారంలోని పోలీసు పిస్తోలు అందరికీ కనబడుతుంది. దానిని లాక్కొని అదే పోలీసును కాల్చిన ఘటనలు జరిగాయి. అందుచేత వారి ఒరలకు, ధరించినవారే సులువుగా విప్పగల తాళపు అమరికలు వచ్చాయి. సాధారణ పౌరునికి ఆయుధం కనబడకుండా ఉండడమే రక్షణ.

సినిమాలలో కథానాయకుడు ఒర లేకుండానే పిస్తోలును నడుములో దోపుకోవడం తరచు చూస్తాము. అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు ప్లాక్సికో బర్రెస్ 2008 నవంబరులో న్యూయార్కులోని ఒక నైట్‌క్లబ్బులో ఇట్లాగే దోపుకున్న పిస్తోలు జారగా, అది పేలి తొడకు గాయమైంది. ఆయుధాన్ని చట్టవిరుద్ధంగా ఉంచుకున్నందుకు జైలుశిక్ష కూడా అనుభవించాడు.

భారతదేశంలో

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకి ఉంచుకోవడానికి లైసెన్సు తప్పనిసరి. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో పిస్తోలును ఒరలో గాని, అటువంటి సంచిలో గాని ఉంచాలి. అది పూర్తిగా కప్పబడి, తీసుకువెళ్ళేవారి అదుపులో ఉండాలి.