ఆగస్టు 29: ఒకే తేదీన జన్మించిన ప్రముఖులు

శ్రీకాకుళం జిల్లా చరిత్రలో ఆగస్టు 29కి విశిష్ట స్థానం ఉంది. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు గిడుగు వెంకట రామమూర్తి 1863లో ఇదే తేదీన ముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా పనిచేస్తూ సవర భాషను స్వయంగా అభ్యసించి, అందులో వాచకాలు రచించి, సొంత ఖర్చుతో సవర బాలలకు బడులు నెలకొల్పారు. గ్రాంథికవాదుల తీవ్ర వ్యతిరేకతకు వెరవక 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించారు. 1940లో కన్నుమూశారు. సామాన్యుని వాడుక మాటకు పుస్తకాల్లోనూ, పత్రికల్లోనూ చోటు దక్కిందంటే అందులో ఆయన కృషి ఎంతో ఉంది.

హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ 1905లో ఇదే రోజున అలహాబాదులో జన్మించారు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లలో వరుసగా స్వర్ణాలు గెలిచిన భారత జట్టుకు ఆయనే వెన్నెముక. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు.

పాప్ సంగీత సామ్రాట్టు మైకేల్ జాక్సన్ (1958), సినీ నటుడు అక్కినేని నాగార్జున (1959) పుట్టినరోజు కూడా ఇదే.

గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా, ధ్యాన్‌చంద్ జయంతిని జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ విధంగా భాషను, క్రీడను ఒకే రోజున స్మరించుకునే అవకాశం మన విద్యార్థులకు లభిస్తోంది.