భుజం మీది గుడ్డ

మన కథల్లో మనుషులకు బట్టలు తొడగడం చాలా తేలిగ్గా జరిగిపోతుంది. రైతు అనగానే తలకు రుమాలు, భుజాన తువ్వాలు. కూలిమనిషి అనగానే చినిగిన చీర. ఒక వాక్యంతో ఆ పని ముగించి రచయిత సంభాషణలోకి దిగిపోతాడు. కర్నూలు, కడప పల్లెల మీద వచ్చిన కథలు చదివేటప్పుడు నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆ తువ్వాలు ఎవరి భుజాన ఉంది? ఎవరి ఎదుట ఉంది? 1930ల నాటి పల్లెను చూపే కథలో మాలపల్లె మనిషి భూస్వామి వాకిట్లో భుజాన గుడ్డ వేసుకొని నిలబడి మాట్లాడుతున్నాడనుకోండి. అతను తిరుగుబాటు చేస్తున్నాడన్నా అయివుండాలి, రచయితకు ఆ కాలం తెలియదన్నా అయివుండాలి. రెండింటికీ మధ్య తేడా చిన్నది కాదు.

కుట్టిన బట్ట మీద వచ్చినంత చర్చ మన దగ్గర చుట్టిన బట్ట మీద రాలేదు. కుట్టిన చొక్కాకు ఒకటే పని. చుట్టే గుడ్డకు లెక్కలేనన్ని పనులు. మెట్ట పొలంలో పనిచేసే మనిషి మీద ఉండే రెండు మూడు మూరల అదనపు గుడ్డను చూడండి. ఎండకు తలకు చుట్టుకొంటాడు. బరువెత్తేటప్పుడు అదే చుట్టగా చేసి నెత్తిన పెట్టుకొంటాడు. నడుముకు బిగిస్తే గడ్డపార పట్టడానికి బలం. బావి దగ్గర చేద తాడు అందకపోతే దాన్నే కలిపి కడతాడు. దారిలో జొన్నలో కందులో దొరికితే మూట, పగటిపూట చెట్టు కింద పడక, చలికాలంలో చెవులకు కట్టు. దీన్ని అలంకారమని ఎవరంటారు? ఇది పనిముట్టు. కాకపోతే పనిముట్టును కూడా అందంగా కట్టుకోవడం శ్రామికుడికి చేతనవును. ఒకడు కొస వెనక్కి వదులుతాడు, ఇంకొకడు చెవి మీదికి దోపుతాడు. రుమాలు చుట్టిన తీరు చూసి ఊరు చెప్పగల ముసలివాళ్ళను నేనెరుగుదును.

ఆడవాళ్ళ సంగతి ఇంకా విస్తారమైనది. చీర కొంగు నిజానికి రెండో బట్ట. పత్తి తీసేటప్పుడు అది ఒడి అవుతుంది. కలుపు తీసేటప్పుడు తలమీదికెక్కుతుంది. సంతకు పోతే దాని కొసన ముడిలో డబ్బులుంటాయి. బిడ్డను వీపుకో చంకకో కట్టుకోవడానికీ, కొమ్మకు ఉయ్యాల వేయడానికీ పాత చీరే. కుచ్చిళ్ళు వెనక్కి దోపి గోచి పోసి కట్టే కట్టు పొలం పనికోసం పుట్టిందే. పైట ఎడమవైపా కుడివైపా అన్నది కొన్ని కులాలకు గుర్తుగా ఉండేది. 1909లో ఏడు సంపుటాలు అచ్చువేసిన థర్‌స్టన్ లాంటి దొరలు అటువంటి గుర్తులను శ్రద్ధగా రాసుకొన్నారు. వాళ్ళకు కావలసింది కులాల పట్టిక. ఆ కట్టు వెనకున్న శ్రమ వాళ్ళకు కనబడలేదు. రవిక కూలి కుటుంబాల ఆడవాళ్ళకు ఆలస్యంగా వచ్చిందనీ, అంతవరకూ పైటే అన్ని పనులూ చేసిందనీ మరిచి, పాతకాలపు కూలిమనిషికి రవిక తొడిగే కథలు కూడా ఉన్నాయి.

కంబళి గురించి కొంచెం ఆగి చెప్పాలి. నల్లగొర్రె బొచ్చు కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పెట్టి నేసిన కంబళి కురుబల చేతిపని. రాత్రి మందకాపలాకు పోయినవాడికి అదే ఇల్లు. రెండు కొసలు కలిపి మడిచి తలమీద వేసుకొంటే వానకు గొడుగు, పరిస్తే పడక, కప్పుకొంటే దుప్పటి. గంజి పట్టిన ఆ మొరటు ఉన్నిలోకి వాన తొందరగా దిగదు. వాన తక్కువ సీమలో వానగొడుగును నేసుకోవడం వింతగా కనిపించవచ్చు. కానీ ఇక్కడ వాన వస్తే చేలో ఉండగానే వస్తుంది, తలదాచుకొనే చెట్టు ఉండదు.

పై వర్గాల బట్టకట్టుకు మాత్రం సాక్ష్యాలకు కొదవలేదు. పదహారో శతాబ్దపు లేపాక్షి పైకప్పు చిత్రాల్లో పొడుగు కుల్లాయిలు, అంచుల చీరలు, గాలిలో తేలే ఉత్తరీయాలు బారులు తీరి ఉన్నాయి. తలకు కుల్లాయి, ఒంటికి పెద్ద అంగీ వేసుకోక తప్పని కన్నడ కొలువులో శ్రీనాథుడు పడ్డ అవస్థ ఒక చాటువుగా ప్రచారంలో ఉంది. అంత పెద్ద కవికి కూడా కొలువులో బట్ట తన ఇష్టం కాలేదు. మరి పాలేరుకు?

పాలేరుకు నియమం ఇది: పెద్దవాళ్ళు ఎదురైతే భుజం మీది గుడ్డ దిగాలి. తీసి చంకలో పెట్టుకోవాలి, లేదా నడుముకు చుట్టుకోవాలి. చెప్పులు చేతికి రావాలి. చట్టపుస్తకంలో ఎక్కడా లేని ఈ నియమం దక్షిణదేశమంతటా అమలైంది. తిరువాన్కూరులో ఇది చట్టంలోకి కూడా ఎక్కింది. నాడార్ ఆడవాళ్ళు పోరాడగా 1859లో రాజుగారి ప్రకటన వాళ్ళకు ఛాతీ కప్పుకొనే అనుమతి ఇచ్చింది, కానీ పై కులాల ఆడవాళ్ళు కప్పుకొనే పద్ధతిలో మాత్రం కాదు. గుడ్డ ఉండవచ్చు, వేసుకొనే తీరు ఉండరాదు! దొంగచాటుగా ఒప్పుకొన్న ఓటమికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. తమిళనాట ఆత్మగౌరవ ఉద్యమం భుజం మీది తుండును ఎందుకంత పట్టించుకొందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక కరువు. 1876–78 కరువులో మద్రాసు రాష్ట్రంలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్ళారి ఉన్నాయి. రిచర్డ్ టెంపుల్ తగ్గించిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అందులో గుడ్డకు మిగిలేదేముంది? తిండిగింజల ధర పెరిగితే మొదట ఆగిపోయేది బట్ట కొనడం. అందువల్ల రైతుకూలీతో పాటు సాలెవాడూ పడిపోయాడు. తర్వాత వచ్చిన కరువు నిబంధనల్లో నేతపనివాళ్ళను వేరే చెప్పవలసి రావడానికి కారణం ఇదే. హూపర్ తీసిన ఆ కరువు ఛాయాచిత్రాల్లో ఎముకలను అందరూ చూస్తారు. ఒంటిమీద మిగిలిన గోచిగుడ్డను కూడా చూడాలి.

1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టాడు. అవసరమైతే పైన దుప్పటి కప్పుకొంటానన్నాడు. ఆ నెలాఖరులోనే కడపకు, కర్నూలుకు వచ్చాడు. ఆయన కోరి వదిలిన పైగుడ్డను, అడుగు కులాలవాడు భుజాన నిలుపుకోవడానికి పోరాడుతున్న కాలమది. త్యాగానికీ లేమికీ ఒంటిమీద ఒకే రూపం ఉండవచ్చు. చరిత్ర రాసేవాడు రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఈ గుడ్డ నేసినవాళ్ళు ఎక్కడో లేరు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. కడప వైపు మాధవరం, జమ్మలమడుగు, పుల్లంపేట మగ్గాలున్నాయి. 1985లో వచ్చిన రిజర్వేషన్ చట్టం కింద చీర, పంచె, తువ్వాలు, అంగవస్త్రం, కంబళి వంటి 22 రకాలు చేనేతకే కేటాయించారు. 1996లో వాటిని పదకొండుకు కుదించారు. ఆ పదకొండింటికైనా మరమగ్గాలతో పోటీ తప్పలేదు.

1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక సీమ మనిషంటే తెల్ల చొక్కా, మీసం అని సినిమా నేర్పింది. ఇప్పుడు అంతకంటే గట్టి వేషం పార్టీ కండువా. పార్టీలో చేరడానికి తెలుగులో మాటే ‘కండువా కప్పుకోవడం’ అయింది. గమనించండి, తనకు తాను వేసుకోడు, నాయకుడు కప్పుతాడు. ఒకప్పుడు దించమన్న చేతులూ, ఇప్పుడు కప్పుతున్న చేతులూ ఎన్ని ఊళ్ళలో ఒకే ఇళ్ళవో మన నవలాకారులు ఎవరైనా రాయాలి. అందుకు భాషలో సామగ్రి ఉంది. కడపలో కొలువు చేసిన బ్రౌన్ 1852 నిఘంటువులో బట్టకట్టు మాటలు బోలెడున్నాయి. కడప ఊర్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి చేసిన పని వంటిది ఈ మాటల మీదా జరగాలి. చల్లడం, కాసె, సెరగు, రుమాలు అన్న మాటలు వాడిన నోళ్ళు ఉండగానే జరగాలి.

ఎన్నికలయిన ఏడాది కోయిలకుంట్ల వైపు పత్తి చేలల్లో ఆ కండువాలనే చూశాను. చెమట పీల్చని నైలాను గుడ్డ కాబట్టి తలకు పనికిరాదని ఆడవాళ్ళు పత్తి గోతాల మూతులు బిగించడానికి వాడుతున్నారు. రెండు పార్టీలవీ ఉన్నాయి.