సహకార సంఘాలు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

భారతదేశంలో ముందు సహకార చట్టం వచ్చింది, ఆ తర్వాతే ఊళ్లలో సంఘాలు విరివిగా వెలిశాయి. మద్రాసు ప్రభుత్వం పురమాయించగా ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా పల్లె బ్యాంకులను, ముఖ్యంగా జర్మనీలోని రైఫైజన్ పద్ధతిని పరిశీలించి 1890లలో నివేదిక ఇచ్చాడు. ఆ దారిలోనే 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. పల్లె సంఘాల్లో సాధారణంగా సభ్యుల బాధ్యతకు హద్దు ఉండేది కాదు. ఒకడు అప్పు ఎగ్గొడితే మిగతా వాళ్ల ఆస్తులకూ ముప్పే. కనుక ఎవరిని చేర్చుకోవాలో ఊరే ఆచితూచి తేల్చుకోవలసి వచ్చేది.

1912 చట్టం పరపతేతర సంఘాలకూ, కేంద్ర బ్యాంకులకూ వీలిచ్చింది. నిజాం రాజ్యం 1914లో వేరుగా చట్టం చేసుకుంది. విశాఖ ప్రాంతంలోని ఏటికొప్పాకలో 1933లో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ దేశంలోని తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి.

1951-52లో గోర్వాలా కమిటీ సర్వే చేయిస్తే, రైతుల అప్పుల్లో సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర, వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం అని తేలింది. సంఘాల్లో ప్రభుత్వమే వాటా తీసుకోవాలని కమిటీ 1954లో సూచించింది. డబ్బు వచ్చింది, దాని వెంట పెత్తనమూ వచ్చింది. 1964 ఆంధ్రప్రదేశ్ చట్టం కింద పాలకవర్గాన్ని తప్పించి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టడం, ఎన్నికలు వాయిదా పడడం మామూలైపోయాయి. పంట రుణాన్నీ దీర్ఘకాలిక రుణాన్నీ ఒకే సొసైటీలో ఇప్పించే సింగిల్ విండో పద్ధతి 1987లో వచ్చింది. రైతుకు తిరుగుడు తగ్గింది కానీ, పగ్గాలు మాత్రం సర్కారు చేతిలోనే ఉండిపోయాయి.

దీనికి భిన్నంగా నడిచింది ముల్కనూరు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊళ్లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో సహకార గ్రామీణ బ్యాంకు మొదలైంది. అప్పు, ఎరువులు, విత్తనాలు ఇవ్వడమే కాదు, పండిన వడ్లు అమ్మిపెట్టే పనీ సంఘానిదే. అమ్మకం తన చేతిలోనే ఉండడంతో వసూలు సంఘానికి పెద్ద తలనొప్పి కాలేదు. 2000 ప్రాంతంలో అక్కడి మహిళలు సొంత డెయిరీ కూడా పెట్టుకున్నారు.

సర్కారు వాటా లేకుండా, ఎన్నికలు తామే జరుపుకునే సంఘాలకు చోటిచ్చిన 1995 పరస్పర సహాయక సహకార సంఘాల (మ్యాక్స్) చట్టాన్ని దేశంలో మొదట తెచ్చింది ఆంధ్రప్రదేశే. దాని కిందికి మారిన పాల యూనియన్లలో కొన్ని తర్వాత ప్రొడ్యూసర్ కంపెనీలయ్యాయి. చట్టం ఉద్దేశించినది ఇదేనా అన్న వాదన ఇంకా తెగలేదు. ఇక 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణలో రాష్ట్రాల సంఘాలకు సంబంధించిన భాగాన్ని, సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో సుప్రీంకోర్టు 2021 జులైలో కొట్టేసింది.